అర్ధరాత్రి చేతిలో ఫోను, పగలు అక్షరాల మీద నిలవని చూపు

పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు 47 ఏళ్లు. 22 ఏళ్లుగా పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతున్నారు. పేజీ మీద చూపు పడగానే తప్పు దానంతట అదే కనబడేదని, తన కంటి మీద తనకు అంత నమ్మకం ఉండేదని రాశారు. మూడేళ్లుగా తల్లి ఆమె దగ్గరే ఉంటున్నారు. తల్లికి 76 ఏళ్లు. డిమెన్షియా, అంటే జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా తగ్గిపోయే జబ్బు, అని వైద్యులు తేల్చారు. రాత్రి రెండు మూడుసార్లు లేచి తలుపు తీయబోతారు. అందుకని ఆ గదిలోనే ఇంకో మంచం వేసుకుని ఈవిడ పడుకుంటున్నారు. ఒకసారి మెలకువ వచ్చాక మళ్లీ నిద్ర పట్టదు, చేయి ఫోను మీదికి పోతుంది. "ఒంటిగంటకు తీస్తే మూడున్నర అవుతోంది. అంతసేపూ ఏం చూశానో పొద్దున్నే అడిగితే ఒక్కటీ చెప్పలేను. చూస్తున్నప్పుడు సంతోషమూ లేదు. అయినా వేలు ఆగదు." రోజుకు సగటున 6 గంటల 40 నిమిషాలు చూస్తున్నట్టు ఆ ఫోనే లెక్క చూపించిందట.

ఈమధ్య ఒక పాఠ్యపుస్తకం ప్రూఫుల్లో, నీటిపారుదల పాఠంలో 'కాలువ' ఉండాల్సిన చోట మూడుసార్లు 'కలువ' అని పడింది. ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివారు. పట్టుకోలేదు. ప్రచురణకర్త మెత్తగానే చెప్పినా ఆ రోజంతా అన్నం సయించలేదని రాశారు. "అమ్మకు కూడా ఇలాగే మొదలైంది. చిన్న చిన్న పొరపాట్లే. నాకూ అదేనా? లేక ఈ ఫోను నా మెదడును తినేసిందా?" అని అడిగారు. ఫోను వల్ల మెదడు కుంచించుకుపోతుందని ఎవరో చెప్పిన వీడియో చూసి, ఆ భయంతో అలాంటివే ఇంకో పది చూశారు.

మానే ప్రయత్నాలూ చేశారు. యాప్‌లు తీసేస్తే నాలుగో రోజున మళ్లీ వచ్చి చేరాయి. ఫోను బీరువాలో పెట్టి తాళం భర్తకిచ్చారు. ఆ రాత్రే తల్లి పడబోయారు, టార్చి లేదు, తాళం కోసం భర్తను లేపితే "నీకు మనసు మీద అదుపు లేదు" అన్నారట. తమ్ముడు వేరే ఊళ్లో ఉంటాడు. డబ్బు పంపుతాడు, ఆదివారం ఫోను చేస్తాడు. "అమ్మ బాగానే ఉంది" అని చెబుతారు ఈవిడ.

ఉత్తరం చివర్లో ఒక చిన్న సంగతి. ఒక రాత్రి తల్లి కళ్లు తెరిచి పడుకుని ఉన్నారట. బొటనవేలు దుప్పటి మీద కిందినుంచి పైకి, కిందినుంచి పైకి కదులుతోంది. కాసేపటికి అర్థమైంది, అది తాను ఫోను మీద చేసే పనే. "ఆ క్షణం నుంచి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. బటన్ ఫోనుకు మారిపోనా? చెప్పండి" అని ముగించారు.

సమాధానం:

అమ్మా, మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ ఉత్తరంలో మూడు చిక్కులున్నాయి. మీ తల్లి జబ్బు మీకు వస్తుందన్న భయం ఒకటి, మూడేళ్లుగా సరిగా లేని నిద్ర ఒకటి, ఫోను ఒకటి. మూడూ ఒకదానికొకటి పెనవేసుకుపోయి, చూసేవాళ్లకు మాత్రం ఫోను ఒక్కటే కనబడుతోంది. అది కంటికి కనబడే వస్తువు కదా, నేరమంతా దాని మీదికే పోయింది.

ముందు భయం సంగతి. 'కలువ' అని చూపించగానే మీకు తప్పు తెలిసింది. ఆ పేజీ ఎప్పుడు చదివారో, ఎన్నిసార్లు చదివారో కూడా గుర్తుంది. అంటే జ్ఞాపకం పనిచేస్తోంది. ఆ అక్షరాల మీదుగా కళ్లు వెళ్లాయి, శ్రద్ధ వెళ్లలేదు. శ్రద్ధ పెట్టని దాన్ని మెదడు చాలావరకు లోపలికి తీసుకోదు. రాత్రి రెండున్నర గంటలు చూసినవి పొద్దున గుర్తులేకపోవడం కూడా ఇదే. డిమెన్షియాలో కనబడే తీరు వేరు. బాగా తెలిసిన దారి తప్పిపోవడం, అడిగిన ప్రశ్నే అరగంటలో నాలుగుసార్లు అడగడం, జరిగిన విషయం ఎదుటివాళ్లు గుర్తుచేసినా గుర్తురాకపోవడం, చాలామందిలో తన పొరపాటు తనకు పెద్దగా తెలియకపోవడం. మీ అమ్మగారి మొదటి రోజులు గుర్తుచేసుకుంటే ఈ తేడా నాకంటే మీకే బాగా తెలుస్తుంది. డెబ్బై దాటాక వచ్చే ఈ జబ్బు తల్లికి వస్తే బిడ్డకు తప్పకుండా రావాలని లేదు. ముప్పు కొంత పెరుగుతుంది, అంతే.

అయినా ఒక్కసారి వైద్యుల దగ్గరకు వెళ్లండి. అనుమానం ఉండి చెప్పడం లేదు. మతిమరుపుగా, పరధ్యానంగా కనబడే వాటిలో చికిత్సకు లొంగేవి చాలా ఉన్నాయి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తగ్గడం, నిద్రలేమి, దిగులు. మీ వయసులో నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పుల వల్ల కూడా మాట వెంటనే అందకపోవడం, ఏకాగ్రత చెదరడం మామూలే. ఒక రక్తపరీక్షతో, వైద్యులతో కాసేపు మాట్లాడటంతో చాలావరకు తేలిపోయే విషయానికి ఇలా భయపడుతూ ఉండాల్సిన అవసరం లేదు.

ఇక మెదడు కుంచించుకుపోవడం. ఫోను అతిగా వాడేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, మిగతావాళ్ల మెదళ్లతో పోల్చి, కొన్ని భాగాల్లో తేడాలున్నాయని చెప్పిన పరిశోధనలు ఉన్నమాట నిజమే. కానీ అలా పోల్చినప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది తేలదు. ఫోను వల్ల మెదడు అలా అయిందా, మెదడు తీరు అలా ఉన్నవాళ్లే ఫోనుకు ఎక్కువగా అతుక్కుపోతున్నారా? ఆ వీడియో చేసినవాళ్లు ఈ ప్రశ్న వేసి ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా తాజా కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో వీడియో గేముల వ్యసనాన్ని రుగ్మతగా చేర్చారు, స్మార్ట్‌ఫోను వ్యసనాన్ని చేర్చలేదు. దాని అర్థం మీ కష్టం అబద్ధమని కాదు. మెదడు పాడైపోయిందని ఎవరూ ముద్ర వేయలేదు, మీరూ వేసుకోవద్దు.

మెదడుకు ఒక అలవాటు పట్టుబడింది. ఎలా పట్టుబడిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీవారన్న "మనసు మీద అదుపు లేదు" అనే మాటకు జవాబు ఇక్కడే ఉంది.

వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయన సంకేతాన్ని విడుదల చేసే కణాలను చాలాకాలం గమనించాడు. ఊహించకుండా పండ్లరసం దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందించేవి. రసం వచ్చే ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టాక, కొన్నాళ్లకు రసానికి స్పందన తగ్గిపోయి, దీపానికే స్పందించసాగాయి. దీపం వెలిగి రసం రాకపోతే మామూలు కంటే తక్కువ స్థాయికి పడిపోయేవి. 1997లో ఆయన, మరో ఇద్దరు కలిసి ప్రచురించిన వ్యాసం దీన్ని సూత్రీకరించింది: డోపమైన్ సుఖానికి కొలత కాదు, అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడాకు కొలత. మీ చీకటి గదిలో ఆ దీపం ఫోను తెర. ఆ వెలుగు కనబడగానే "ఏదో ఉండొచ్చు" అని మెదడు లేచి కూర్చుంటుంది. ఒక్కొక్కప్పుడు నిజంగానే ఏదో ఉంటుంది, చాలాసార్లు ఉండదు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని గింజ కోసం పావురాలు అలుపు లేకుండా ముక్కుతో పొడుస్తూనే ఉంటాయని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల కిందటే చూపించాడు. ప్రతిసారీ దొరికే గింజకు అవి అంతగా పాకులాడవు. ఎంత లాగినా అడుగు తగలని తెర ఈ సూత్రం మీదే నడుస్తోంది.

"సంతోషమూ లేదు, అయినా వేలు ఆగదు" అన్నారే, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కెంట్ బెరిడ్జ్ అనే మరో శాస్త్రవేత్త ఎలుకలపై చేసిన పనిలో సరిగ్గా ఇదే తేలింది. కోరుకోవడానికీ ఇష్టపడటానికీ మెదడులో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకల నాలుక మీద తీపి వేస్తే వాటి ముఖంలో ఇష్టం కనబడుతుంది. కానీ ఎదురుగా తిండి ఉన్నా వెళ్లి తినవు. దానికి తిరగేసిన స్థితి మీది. ఇష్టం ఎప్పుడో పోయింది, కోరిక మాత్రం మిగిలింది. మీలో లోపమున్నందువల్ల ఇలా జరగలేదు. ఎవరి మెదడైనా ఇలాంటి చోట ఇలాగే నేర్చుకుంటుంది. పైగా వద్దని ఆపాల్సింది నుదురు వెనక ఉండే భాగం. నిద్రలేమికి ముందుగా మందగించే వాటిలో అదొకటి. రాత్రి ఒంటిగంటకు, ఆ రోజుకు మూడోసారి నిద్ర చెడిన మనిషిని మనోబలం చూపించమనడం న్యాయం కాదు.

ప్రూఫుల సంగతి వేరే. దానికి కారణం రాత్రి ఒక్కటే కాదని నా అనుమానం. పని చేసేటప్పుడు ఫోను ఎక్కడ ఉంటుందో మీరు రాయలేదు. బల్ల మీదే ఉంటుందనుకుంటున్నాను. ఒక పని ముగియకుండా ఇంకో పనికి మళ్లితే శ్రద్ధలో కొంత భాగం వెనకటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఫోను తీసి చూడకపోయినా, నోటిఫికేషన్ వచ్చిందని తెలిస్తే చాలు, శ్రద్ధ పెట్టాల్సిన పనిలో తప్పులు పెరిగాయని 2015 నాటి ప్రయోగం ఒకటి చెప్పింది. 2017లో ఏడ్రియన్ వార్డ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫోను బల్ల మీద ఉన్నవాళ్లు, సంచిలోనో జేబులోనో ఉన్నవాళ్లు, పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లు అని మనుషులను విడదీసి పరీక్షలు పెడితే, పక్క గదిలో వదిలినవాళ్లు మెరుగ్గా రాశారు. ఆ తరవాత అలాంటి ప్రయోగమే చేసిన అందరికీ అదే ఫలితం రాలేదు కాబట్టి దీన్ని శిలాశాసనం అనను. కానీ ఫోనును పక్క గదిలో పెట్టి చూడటానికి మీకు ఖర్చేమీ లేదు. 'కా'కూ 'క'కూ మధ్య ఉన్న దీర్ఘాన్ని పట్టుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవారు మీరు. మిగతావాళ్లకు లెక్కలోకి రాని పరధ్యానం మీకు మాత్రం పేజీ మీద కనబడిపోతుంది. ఈ పని రోజూ చేసేవాళ్ల మీద నాకు చాలా గౌరవం, అందుకే ఈ భాగం గట్టిగా చెబుతున్నాను. మొదటి చదువు కాగితం మీదే చేయండి. నలభై నిమిషాలు అలారం పెట్టి, ఫోను అమ్మగారి గదిలో వదిలేయండి. పగలు ఆమెను చూసుకునే మనిషి లేకపోతే శబ్దం తగ్గించకుండా వదలండి, కాల్ వస్తే వినబడుతుంది. మొదటి వారం పదో నిమిషానికే చేయి వెతుక్కుంటుంది. వెతుక్కోనివ్వండి.

ఇప్పుడు బటన్ ఫోను.

పూర్తిగా మారిపోతే ఏమవుతుంది? వైద్యులతో మాటలు, ప్రచురణకర్త పంపే ఫైళ్లు, బ్యాంకు పనులు అన్నీ ఇప్పుడు ఈ ఫోనులోనే ఉన్నాయి. రెండు వారాల్లో ఏదో ఒక అవసరం పడి పాత ఫోను బయటికి వస్తుంది, దానితోపాటు "మళ్లీ ఓడిపోయాను" అన్న బాధా వస్తుంది. బీరువా తాళం విషయంలో జరిగింది ఇదే. ఆ రోజు ఓడింది మీరు కాదు, ఏర్పాటు ఓడింది. అర్ధరాత్రి రోగి ఉన్న గదిలో వెలుతురూ, ఫోను చేసే వీలూ లేకుండా చేసుకోవడం ప్రమాదం.

రెండు ఫోన్లు ఉంచుకోవడం ఇంకో మార్గం. రాత్రి మంచం పక్కన టార్చి ఉన్న బటన్ ఫోను, స్మార్ట్‌ఫోను హాల్లో. దీనివల్ల మేలుంది. కానీ వచ్చే ఇబ్బంది ముందే చెప్పాలి. ఆ రెండున్నర గంటలు ఖాళీ అవుతాయి. ఖాళీలోకి ఇన్నాళ్లూ తెర అడ్డుపెట్టి ఆపిన ఆలోచనలన్నీ వస్తాయి. అమ్మ ఎదురుగానే ఉన్నా పాత అమ్మ లేదన్న దుఃఖం మొదట వస్తుంది. మనిషి బతికుండగానే కొంచెం కొంచెంగా పోగొట్టుకునే ఈ దుఃఖానికి ఎవరూ వచ్చి పరామర్శించరు. మొదటి కొన్ని రాత్రులు ఏడుపు రావచ్చు. వస్తే ఏడవండి, కానీ ఆ రాత్రులకు సిద్ధపడకుండా ఫోను తీసేస్తే మాత్రం నిలవదు. తక్కువ శబ్దంతో రేడియో, ముందే చదివేసిన పుస్తకం, ఊరికే ఏదైనా అల్లుకోవడం, ఏదో ఒకటి చేతికి అందేలా పెట్టుకోండి. ముందే చదివిన పుస్తకం అని ఎందుకన్నానంటే, మధ్యలో ఆపినా మనసు కొట్టుకోదు.

మూడో మార్గం, ఫోను అలాగే ఉంచి ఇంటర్నెట్ ఆపేయడం. కాల్స్, మామూలు సందేశాలు ఉంటాయి, మిగతావి ఉండవు. 2025లో వెలువడిన ఒక పరిశోధనలో 467 మందిని రెండు వారాలు ఇలా ఉండమన్నారు. చాలామంది పూర్తిగా నిలబడలేకపోయారు. అయినా మొత్తం మీద శ్రద్ధ నిలిపే శక్తి, మనసు స్థితి రెండూ మెరుగుపడ్డాయి. శ్రద్ధలో వచ్చిన మెరుగుదలను పరిశోధకులు పదేళ్ల వయసు తగ్గడంతో పోల్చారు. మీకు ఈ వార్త కావాలి: తిరిగి రావడం సాధ్యమే, పైగా ఏళ్ల తరబడి ఆగనక్కర్లేదు.

నాలుగోది కూడా చెబుతాను, కొందరికి నచ్చదు. ఇప్పటికి రాత్రి ఫోనును పూర్తిగా తీసేయకపోవడం. ఆ వేళలో మీకు వేరే తోడు లేదు. ఫోనులో ఉన్నవన్నీ ఒకటి కాదు. మెలకువగా ఉన్న స్నేహితురాలికి నాలుగు మాటలు రాయడం వేరు, ఎవరివో తెలియని వీడియోలను తోసుకుంటూ పోవడం వేరు. మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తే సమయం సగానికి పడిపోవచ్చు. తెర వెలుతురు కళ్లలోని ప్రత్యేక కణాల ద్వారా మెదడుకు ఇంకా పగలే అని చెబుతుందన్నది నిజం. అమెరికాలో 12 మందితో చేసి 2014లో వెలువరించిన ప్రయోగంలో, పడుకునే ముందు నాలుగు గంటలు వెలుగు తెర మీద పుస్తకం చదివిన రాత్రుల్లో, వాళ్లే కాగితం మీద చదివిన రాత్రులకంటే నిద్ర పట్టడం సగటున పది నిమిషాలు ఆలస్యమైంది. పది నిమిషాలే. మీ నిద్రను దోచుకుంటున్నది వెలుతురు కంటే ఆ రెండున్నర గంటలు, ఆ రెండున్నర గంటలకంటే ముందు మూడేళ్లుగా ఒంటరిగా కాస్తున్న కాపలా.

ఏ మార్గం ఎంచుకున్నా నాలుగు రోజులకు తప్పితే వదిలేయకండి. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం జరగలేదని కూడా వాళ్లే గమనించారు. నాలుగు రోజులతో మీరు తేల్చేసుకున్నది చాలా తొందర తీర్పు.

మీ అమ్మగారి బొటనవేలి గురించి. స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు 2015లో ఒక విషయం చూపించారు. టచ్ ఫోను వాడేవాళ్ల మెదడులో బొటనవేలి కొస నుంచి వచ్చే స్పర్శకు స్పందన ఎక్కువగా ఉంటుంది, అదీ అంతకుముందు పది రోజుల్లో ఎంత వాడారన్న దాన్ని బట్టి మారుతూ ఉంటుంది. పది రోజుల వాడకానికే మారే మెదడు అది, ఎటు నడిపితే అటు మళ్లుతుంది. అమ్మగారి విషయం అలాంటిది కాదు. ఆమె చేతిలో ఫోను లేదు. చీకట్లో కళ్లు తెరిచి ఆమె చూసింది మిమ్మల్ని. ఇన్ని మరిచిపోతున్న మనిషి పక్కన ఉన్న కూతురి చేతి కదలికను ఇంకా గమనిస్తోంది, దాన్ని తన వేలితో చేసి చూస్తోంది. మీరు దాన్ని నేరంగా చదువుకున్నారు. నేను అలా చదవలేకపోతున్నాను. మళ్లీ ఎప్పుడైనా ఆ వేలు కదిలితే దాని కింద మీ అరచేయి పెట్టి చూడండి.

మీవారితో గొడవ తాళం గురించి కాదని మీకూ తెలుసు. ఆయన మాట అన్యాయమే, కానీ ఆయనకు మీ రాత్రులు తెలిసి ఉండకపోవచ్చు. వేరే గదిలో నిద్రపోయే మనిషికి పొద్దున కనబడేది ఎర్రబడిన కళ్లూ, ఫోను లెక్కా మాత్రమే. వారంలో రెండు రాత్రులు ఆయన ఆ మంచం మీద పడుకుంటే మీరు వేరే గదిలో తలుపు వేసుకుని నిద్రపోవచ్చు. ఆయన సరిగా చూసుకోరేమో, అమ్మ కంగారు పడుతుందేమో అని మీకు అనిపిస్తుంది. కొంత నిజమే కావచ్చు, మొదటి రెండు మూడు రాత్రులు అమ్మ మిమ్మల్నే పిలవచ్చు. అయినా ప్రయత్నించదగ్గదే. ఆయన ఒప్పుకోకపోతే, రాత్రిపూట కనిపెట్టుకుని ఉండే మనిషిని కొన్ని రోజులైనా పెట్టుకోవాలి. దానికి ఖర్చవుతుంది. ఇక్కడే మీ తమ్ముడు వస్తాడు.

అతను డబ్బు పంపుతున్నాడంటే బాధ్యత లేనివాడు కాదు. ఎంత పంపాలో, ఎందుకు పంపాలో, ఎప్పుడు వచ్చి పది రోజులు ఉండాలో తెలియడానికి అతని దగ్గర ఉన్న సమాచారం ఒకే ఒక్క వాక్యం. అది మీరు చెప్పిందే. అసలు సంగతి చెబితే మాటామాటా పెరగవచ్చు. "ముందే ఎందుకు చెప్పలేదు" అనవచ్చు, అమ్మను వేరేచోట ఉంచుదామని మీకు నచ్చని మాట కూడా అనవచ్చు. చెప్పకపోతే మాత్రం ఏ ఫోను మార్చినా మీ రాత్రి మారదు. ఎదురుగా మాట పెగలకపోతే, వైద్యుల కోసం ఎలాగూ అవసరమే కాబట్టి, రెండు వారాలు ఒక కాగితం మీద రాయండి: అమ్మ ఎన్నింటికి లేచింది, మీరు ఎన్నింటికి పడుకున్నారు, మొత్తం ఎన్ని గంటలు నిద్రపోయారు. ఒక నకలు వైద్యులకు, ఒకటి తమ్ముడికి. ఈ మధ్యలో దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి తోస్తే మాత్రం రెండు వారాలు ఆగకుండా వెంటనే మానసిక వైద్యులను కలవండి.

ఆదివారం అతను "అమ్మ ఎలా ఉంది?" అని అడుగుతాడు. ఈసారి ఆ కాగితం చేతిలో పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చదవండి.